ఆవిరితో లేచేదేది, అడుగున మిగిలేదేది

కుప్పనూర్పిళ్లు మొదలయ్యాయంటే కృష్ణా డెల్టాలో ముక్కులకు గడ్డుకాలం. పగలంతా వరి దుమ్ము, ఊక నలుసు. చీకటి పడితే కాలవల మీదుగా మంచు. తెల్లారి లేచేసరికి నుదురు బరువు, కళ్ల కింద పోటు, ఒక ముక్కు బిగిసిపోయి రెండోది ధారగా కారడం. పొద్దున్నే తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలెక్కి వేమూరు, భట్టిప్రోలు దాటేదాకా కూర్చుంటే పెట్టెలో తుమ్ములూ చీదుళ్లూ వినపడుతూనే ఉంటాయి. బాపట్ల వైపు సముద్రపు చెమ్మ దీనికి తోడు. డాక్టరు గారు సైనసైటిస్ అని రాస్తారు. ఇళ్లలో రొంప అనో, పడిశం అనో, ముక్కు దిబ్బడ అనో అంటారు. పడిశం పది రోగాల పెట్టు అన్న సామెత ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మందు కూడా ఇంట్లోనే మొదలవుతుంది. పొయ్యి మీద గిన్నెడు నీళ్లు, అందులో చెంచాడు పసుపు, గుప్పెడు వాము, దొరికితే నాలుగు వావిలి రెబ్బలు, లేదంటే జామాయిలు ఆకులు. "దుప్పటి కప్పుకుని గట్టిగా పీల్చరా అబ్బాయ్, దెబ్బకు దిగుద్ది" అంటూ నాయనమ్మ పక్కనే నిలబడుతుంది. పీల్చినవాడికి హాయిగానే ఉంటుంది. ఆ హాయి ఎక్కణ్నుంచి వచ్చింది? గిన్నెలో వేసినవాటిలో ఏది ఆవిరితో లేచి ముక్కు దాకా వచ్చింది, ఏది అడుగునే మిగిలింది? ఈ ఒక్క తేడా పట్టుకుంటే మన పెరటి వైద్యంలో దేన్ని పీల్చాలో, దేన్ని తినాలో, దేన్ని పక్కన పెట్టాలో చాలావరకు తేలిపోతుంది.

పసుపు పైకి రాదు

ముందు పసుపు సంగతి. ఇది మన నేల పంట. తెనాలి నుంచి విజయవాడ వెళ్లే దారిలో దుగ్గిరాల మార్కెట్ యార్డు పసుపుకు పేరుమోసింది. దుగ్గిరాల, కొల్లిపర చుట్టుపక్కల, కృష్ణ ఒడ్డు లంక భూముల్లో తొలకరి తర్వాత విత్తనం పెడితే తవ్వేసరికి సంక్రాంతి దాటుతుంది. తవ్విన దుంపను ఉడకబెట్టి, రోజుల తరబడి ఎండలో పోసి, డ్రమ్ముల్లో తిప్పి మెరుగుపెట్టి, కొమ్ములు వేరు, కాయలు వేరు చేసి యార్డుకు తెస్తారు. పసుపు ఉడికే రోజుల్లో ఆ కళ్లాల పక్కనుంచి వెళ్తే ఘాటైన మట్టి వాసన చొక్కాకు కూడా పట్టుకుంటుంది.

ఆ వాసనదీ, ఆ రంగుదీ ఒకే పదార్థం కాదు. రంగు కర్కుమిన్‌ది. రకాన్ని బట్టి ఎండు పసుపులో నూటికి రెండు నుంచి ఐదు పాళ్ల దాకా ఉంటుంది. వాసన టర్మెరోన్లనే నూనెలది. మందుగా ప్రపంచమంతా పేరు మోగింది కర్కుమిన్‌కే. ఇప్పుడు వంటింట్లో ఒక పని చేసి చూడండి. స్టీలు గిన్నెలో నీళ్లు మరిగించి పసుపు వేయండి. మంట బాగా తగ్గించి, నీళ్లు చిందకుండా పైన కంచం బోర్లించండి. కాసేపాగి కంచం తీసి లోపలివైపు చూడండి. అంటుకున్న బొట్లు తేటగా ఉంటాయి, పచ్చదనం జాడ ఉండదు. దగ్గర పెట్టుకుని వాసన చూస్తే మాత్రం పసుపు తెలుస్తుంది. కర్కుమిన్ నీళ్లలో సరిగా కరగదు, ఆవిరితో లేవదు. గిన్నె అడుగున మిగిలే ముద్దలోని పచ్చదనం అదే. దుప్పటి కింద మనం పీల్చింది వేడి చెమ్మను, కొంచెం టర్మెరోన్ వాసనను. అంతే.

మరి కర్కుమిన్ ఒంటికి పట్టాలంటే తినాలి, తాగాలి. అప్పుడు కూడా పేగు దాన్ని సులువుగా లోపలికి రానివ్వదు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు రెండు గ్రాముల కర్కుమిన్ ఒంటరిగా ఇచ్చి చూస్తే రక్తంలో దాదాపు కనిపించలేదు. దానికి 20 మిల్లీగ్రాముల పైపెరిన్, అంటే మిరియంలోని ఘాటు పదార్థం, జోడిస్తే రక్తానికి చేరింది ఇరవై రెట్లు పెరిగింది. మిరియాల పాలలో పసుపు వేసి తాగించే అలవాటు ఏ లెక్కలూ చూసి పుట్టింది కాదు. అయినా ఆ జోడీ సరైనదని తేలింది. పాలలోని వెన్న కూడా కర్కుమిన్‌కు నేస్తమే. అయితే టీస్పూను పసుపులో ఉండే కర్కుమిన్ సుమారు వంద మిల్లీగ్రాములు. ప్రయోగంలో ఇచ్చింది దానికి ఇరవై రెట్లు. కాబట్టి రాత్రి పూట గ్లాసుడు పసుపు పాలు గొంతుకు హాయి, నిద్రకు మంచిది. సైనసు వాపును అది ఒక్కటే తీసేస్తుందని ఆశపడకూడదు.

పసుపు కొమ్మును దీపం మీద కాల్చి ఆ పొగ పీల్చడం కూడా మనవైపు ఉంది. పీల్చగానే కళ్లవెంట నీళ్లు, ముక్కువెంట నీళ్లు, తల తేలికైనట్టు ఉంటుంది. ఆ నీరు కారడం పొగ మంటకు ముక్కు చేసే ఎదురుదాడి. పొగ ఏదైనా పొగే. ఉబ్బసం ఉన్నవాళ్లు, పిల్లలు దీని జోలికి పోకూడదని నేను గట్టిగా చెబుతాను. ఉబ్బసానికి ఉమ్మెత్తాకు పొగ పట్టే పాత పద్ధతి ఇంకా ప్రమాదం. దానిలోని అట్రోపిన్ జాతి పదార్థాలు స్రావాలను ఎండగట్టే మాట నిజమే, మోతాదు కాస్త మించితే మతి భ్రమించి ప్రాణం మీదికి వచ్చే మాట కూడా అంతే నిజం.

ముక్కు లోపల జరిగేదేమిటి

ముక్కు బిగిసిందంటే లోపల చీమిడి గడ్డకట్టిందని అనుకుంటాం. చాలాసార్లు అసలు అడ్డం చీమిడి కాదు. ముక్కు లోపలి పొరలో రక్తనాళాలు ఉబ్బి, పొర వాచి, దారి మూసుకుపోతుంది. ముఖం ఎముకల్లో నుదుటి వెనక, చెంపల వెనక, కళ్ల మధ్య, ఇంకా లోతుగా పుర్రె నడుమ నాలుగు జతల గాలి గదులున్నాయి. అవే సైనసులు. ఒక్కో గదికి ముక్కులోకి తెరుచుకునే ద్వారం కొన్ని మిల్లీమీటర్లే. పొర కొద్దిగా వాస్తే అది మూతపడుతుంది. చెంపల వెనక గదికి ఇంకో చిక్కుంది. నీళ్లతొట్టికి తూము అడుగున కాకుండా పై అంచు దగ్గర పెట్టినట్టు, దాని ద్వారం పైవైపున ఉంటుంది. లోపలి జిగురు దానంతటది కిందికి జారిపోదు. కంటికి కనపడని సన్నటి నూగు లాంటి వెంట్రుకలు అదే పనిగా కదులుతూ దాన్ని పైకి నెట్టాలి. వాపు వచ్చినా, జిగురు చిక్కబడినా ఆ నెట్టుడు ఆగిపోతుంది. అప్పుడే వంగి చెప్పులేసుకుంటే ముఖం పగిలిపోతున్నట్టు ఉండేది.

ఈ వాపులో ఎక్కువ భాగం వైరస్ వల్లో, దుమ్ము పడకపోవడం వల్లో వస్తుంది. సాధారణ జలుబుల్లో బ్యాక్టీరియా చేరి ముదిరేవి నూటికి రెండు మించవని వైద్య గ్రంథాల లెక్క. అందుకే ముక్కు కారిన మర్నాడే మందుల షాపుకెళ్లి యాంటీబయాటిక్ అడిగి మింగడం దండగ, పైగా చేటు.

మూడు గడ్డలు కలిస్తే నీరు

తెనాలి బజారులో మూలికలు అమ్మే కొట్టుకు వెళ్లి అమృతధారకు సరుకు కావాలని అడగండి. మూడు పొట్లాలు కట్టిస్తారు. పిప్పరమెంటు పువ్వు, వామ పువ్వు, కర్పూరం. మూడూ గట్టివే. పిప్పరమెంటు పువ్వు సన్నని గాజు పుల్లల్లా ఉంటుంది, వామ పువ్వు పటికబెల్లం ముక్కల్లా ఉంటుంది. మూడింటినీ సమానంగా తీసుకుని పొడి గాజు సీసాలో వేసి మూత బిగించి కదపండి. నీటి చుక్క పడకుండానే, పొయ్యి ఎక్కకుండానే, కాసేపటికి అంచుల దగ్గర తడి మొదలవుతుంది. చూస్తూ ఉండగానే ముక్కలు కుంగి తేటనూనె అయిపోతాయి. అదే అమృతధార. పిప్పరమెంటు పువ్వు విడిగా కరగాలంటే 42 డిగ్రీల వేడి కావాలి, వామ పువ్వుకు 50 దాకా కావాలి, కర్పూరానికి 175 పైన. కలిస్తే ఒకదాని బిగువును ఒకటి చెడగొట్టుకుంటాయి. అందుకే గది వేడికే కరుగుతాయి.

ఈ మూడూ ఆవిరితో లేచే సరుకు. పిప్పరమెంటు పువ్వంటే మెంథాల్, వామ పువ్వంటే థైమాల్. వాము గింజలోని నూనెలో దాదాపు సగం థైమాలే ఉంటుంది. అందుకే వాము గుడ్డలో కట్టి పెనం మీద వేడిచేసి వాసన చూస్తే ఘాటు నేరుగా నుదుటికి తగులుతుంది. మరిగే నీళ్లలో వేసినా అడుగున పడి ఉండదు. దుప్పటి కింద అసలు పని చేసేది పసుపు కన్నా వామే.

ఏం పని చేస్తుంది అన్నదే ఆసక్తికరం. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో జలుబు మీద జీవితమంతా పరిశోధన చేసిన రాన్ ఎకిల్స్ 1980ల నుంచి మెంథాల్ పీల్చినవాళ్ల ముక్కుల్లో గాలి ఎంత తేలిగ్గా ఆడుతోందో కొలుస్తూ వచ్చారు. పీల్చినవాళ్లు ముక్కు తెరుచుకుందని చెప్పారు. కొలత మాత్రం మారలేదు. వాపు అలాగే ఉంది, దారి అంతే ఉంది, ఊపిరి ఆడుతోందన్న భావన మాత్రం వచ్చింది. 2002లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ అనే శాస్త్రవేత్తల బృందాలు విడివిడిగా దీనికి కారణం పట్టుకున్నాయి. చల్లదనాన్ని పసిగట్టే నరాల కొనల మీద టీఆర్‌పీఎం8 అనే ద్వారం ఉంది. చల్లగాలి తగిలినా అది తెరుచుకుంటుంది, మెంథాల్ తగిలినా తెరుచుకుంటుంది. చల్లగాలి వస్తోందంటే గాలి ఆడుతోందని మెదడు అర్థం చేసుకుంటుంది. వేడిని, చలిని, స్పర్శను ఒళ్లు ఎలా గుర్తుపడుతుందో తేల్చినందుకు 2021లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

దీన్ని విని "అంటే ఒట్టి భ్రమేనన్నమాట" అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. రాత్రంతా ఊపిరాడక లేచి కూర్చునే మనిషికి ఊపిరాడుతోందన్న భావన నిద్రనిస్తుంది. నిద్ర పడితే జబ్బు తట్టుకునే ఓపిక వస్తుంది. ఊరట ఊరటే, దానికి విలువ ఉంది. అది వాపును తగ్గించలేదన్న ఎరుక మాత్రం పక్కనే ఉండాలి. కృష్ణా జిల్లాకు చెందిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ రాబడితోనే 1908లో ఆంధ్రపత్రికను నడిపించారంటే, ఈ ఊరట కోసం జనం ఎంతగా ఎదురుచూసేవారో తెలుస్తుంది. పచ్చటి ఆ డబ్బీలో ఉన్నదీ కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం వంశమే.

జూలియస్ పేరు వచ్చింది కాబట్టి మన గుంటూరు మిరపకాయను కూడా చెప్పుకోవాలి. 1997లో ఆయన బృందమే మిరప మంటకు కారణమైన క్యాప్సైసిన్ ఏ నరాల ద్వారాన్ని తడుతుందో కనిపెట్టింది. ఘాటు కోడికూర తిన్నప్పుడు ముక్కు కారి కాసేపు తేలికపడేది ఆ దారినే. అలర్జీ లేకుండానే ఏళ్ల తరబడి ముక్కు కారేవాళ్లకు కొలిచిన మోతాదులో క్యాప్సైసిన్‌ను ముక్కులోకి కొట్టి ఆ నరాలను మొద్దుబార్చే వైద్యం విదేశాల్లో ఉంది. 2015లో, ప్రయోగాలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సమీక్ష, జరిగినవి చిన్న ప్రయోగాలే అయినా, దీన్ని పరిశీలించదగ్గ మార్గమని చెప్పింది. ఇది డాక్టరు చేతిలో ఉండాల్సిన పని. ఇంట్లో కారం ముక్కు దగ్గరికి రాకూడదు.

కంచె మీద, గట్టు మీద

కాలవ గట్ల మీద వావిలి ఉంటుంది. బాలింతల స్నానం నీళ్లలో వేసేది ఈ ఆకే. నలిపితే వచ్చే వాసనలో సినియోల్ కూడా కలిసి ఉంటుంది. నీలగిరి తైలానికి ప్రాణం కూడా ఈ సినియోలే. ఎండిన వావిలాకు దిండులో కూరి పడుకునే అలవాటుకు మూలం అక్కడుంది. బాపట్ల వైపు సరుగుడుతో పాటు పెంచే జామాయిలు నీలగిరికి దాయాదే, కానీ అది ముఖ్యంగా కాగితం గుజ్జు కోసం వేసే చెట్టు. మందు తైలంలో సినియోల్ నూటికి డెబ్బై పాళ్లకు తగ్గకూడదని ఔషధ ప్రమాణాలు చెబుతాయి. పొలం జామాయిలు ఆకుకు ఆ హామీ లేదు. ఆవిరికి నాలుగు ఆకులు వేసుకోవచ్చు, మందు అనుకోకూడదు.

సినియోల్‌కు మెంథాల్ కన్నా ఒక మెట్టు ఎక్కువ సాక్ష్యం ఉంది. 2004లో జర్మనీలో 152 మంది సైనసైటిస్ రోగుల్లో సగంమందికి సినియోల్ గొట్టం మాత్రలు, రోజుకు మూడుసార్లు 200 మిల్లీగ్రాముల చొప్పున, వారం రోజులు ఇచ్చారు. మిగతావాళ్లకు మందులేని గొట్టాలు. ఎవరు ఏది మింగుతున్నారో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. సినియోల్ మింగినవాళ్లకు తలనొప్పి, ముక్కు దిబ్బడ బాగా తగ్గాయి. ఇది పీల్చింది కాదని గమనించాలి. కొలిచి, శుద్ధిచేసి, గొట్టంలో పెట్టి మింగించింది. సీసాలోని నీలగిరి తైలం తాగితే ఫిట్స్ రావచ్చు.

పాత ఇళ్ల కంచెల్లో అడ్డసరం కూడా కనిపిస్తుంది, పశువులు ముట్టవు కాబట్టి. దాని ఆకు కషాయం దగ్గుకు ఇచ్చేవారు. ఆ ఆకులోని వాసిసిన్ అనే పదార్థాన్ని చూసే 1960ల్లో జర్మన్ శాస్త్రజ్ఞులు బ్రోమ్‌హెక్సిన్ తయారుచేశారు, దాన్నుంచి ఆంబ్రాక్సాల్ వచ్చింది. చిక్కటి కఫాన్ని పలుచన చేసే ఆ మందులు ఇవాళ రేపల్లె మందుల షాపులో దగ్గు టానిక్ సీసాల మీద రాసి ఉంటాయి. ఈ ఆకు గర్భిణులకు ఇవ్వకూడదు, గర్భసంచిని కదిలించే గుణం వాసిసిన్‌కు ఉంది. పాత వైద్యులకు ఆ జాగ్రత్త తెలుసు. ఇవాళ సెల్‌ఫోనులో చిట్కాలు పంపేవాళ్లకు తెలిసినట్టు లేదు.

పొలం గట్ల మీద తెల్లగా పూచే తుమ్మి సంగతి కొంచెం కటువుగానే చెప్పాలి. తుమ్మి ఆకు రసం ముక్కులో చుక్కలు వేసుకుంటే తలబరువు దిగుతుందని మన పల్లెల్లో గట్టి నమ్మకం. వేసుకోగానే మంట, తుమ్ములు, నీరు కారడం, ఆపైన తేలిక. గట్టు మీది ఆకును ఎంత కడిగినా మట్టి, పురుగుమందు, సూక్ష్మజీవి పూర్తిగా పోవు. వాచి ఉన్న పొర మీద వాటిని నేరుగా పోయడం నాకు సమ్మతం కాదు. తుమ్మిని కూర వండుకుంటే మేలు.

తమలపాకు మన గుంటూరు సీమకు అలవాటైన పంటే. కారపాకు, తెల్లాకు అని రకాల పేర్లు. ఘాటు యూజినాల్‌దీ దాని చుట్టాలదీ. పసివాళ్ల ఛాతీకి వెచ్చజేసిన ఆకు వేయడం మనింట్లో మామూలు. ఆకు కాగబెట్టి మన చేతి వెనక వైపు ఆనించి చూశాకే బిడ్డకు వేయాలి, అంతే.

మనం మరిచిపోయిన ఉప్పునీళ్లు

2016లో ఇంగ్లండులో ఏళ్ల తరబడి సైనసుతో బాధపడే 871 మందిని గుంపులుగా చేసి కొందరికి ఆవిరి, కొందరికి ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, కొందరికి రెండూ చెప్పి ఆరు నెలలు చూశారు. ఆవిరి వల్ల తలనొప్పి కొంత తగ్గింది, తక్కిన బాధల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఉప్పునీళ్ల వాళ్లకు మేలు కనిపించింది. మోస్తరు మేలే, కానీ నిలకడైనది. ఆ ఉప్పునీళ్లు మనకు కొత్తవి కావు. యోగశాస్త్రంలోని జలనేతి అదే. బాపట్ల తీరాన సూర్యలంక అలల్లో మునిగి లేచినవాళ్లకు ముక్కు తేలికవడం కూడా ఆ కోవలోదే.

కాచి చల్లార్చిన పావు లీటరు నీళ్లలో అర టీస్పూను ఉప్పు, చిటికెడు వంటసోడా. గోరువెచ్చగా ఉండాలి. తల పక్కకు వంచి నోటితో గాలి పీలుస్తూ ఒక ముక్కులో పోస్తే రెండో ముక్కులోంచి బయటికి వస్తుంది. చిక్కబడ్డ జిగురు, వరిదుమ్ము, పుప్పొడి కొట్టుకుపోతాయి. పచ్చినీళ్లు, కుళాయి నీళ్లు, చెరువు నీళ్లు దీనికి పనికిరావు. ముక్కు ద్వారా మెదడుకెక్కే అమీబా అరుదే అయినా, కేరళలో అది ప్రాణాలు తీసింది. నూర్పిడి దగ్గర పనిచేసేవాళ్లు మూతికి తడిగుడ్డ కట్టుకుని, సాయంత్రం ఇంటికొచ్చాక ఇలా ముక్కు కడుక్కుంటే ఆ సీజను చాలా తేలికగా గడుస్తుంది.

ఆవిరి మానమని నేను చెప్పను. మరిగే గిన్నెను మంచం మీద, ఒళ్లో పెట్టుకుని పట్టొద్దని మాత్రం చెబుతాను. గిన్నె ఒలికి తొడలూ కడుపూ కాలిన పిల్లలు ఆసుపత్రులకు వస్తూనే ఉంటారు. బల్ల మీద, గోడవైపు, పెద్దవాళ్లు పక్కన ఉండగా, పొయ్యి మీంచి దించి కాసేపాగాక పట్టాలి. రెండేళ్ల లోపు పిల్లలకు అమృతధార, మెంథాల్, కర్పూరం ఏ రూపంలోనూ ముక్కుకు, మూతికి రాయకూడదు. మెంథాల్ ఘాటుకు పసివాడి గొంతు బిగుసుకుని ఊపిరి ఆగవచ్చు. కర్పూరం చిన్న పలుకు మింగినా ఫిట్స్ రావచ్చు. దేవుడి గూట్లో కర్పూరం డబ్బీ పాకే బిడ్డకు అందని ఎత్తులో ఉండాలి. ముక్కు తెరిచే చుక్కలమందు పెద్దవాళ్లు కూడా ఐదు రోజులు దాటి వాడితే, మానగానే దిబ్బడ రెట్టింపై తిరిగొస్తుంది.

పది రోజులకూ తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి జ్వరంతో తిరగబడినా ముక్కు చెవి గొంతు డాక్టరుకు చూపించాలి. కన్ను వాచినా, చూపు రెండుగా కనిపించినా, మెడ బిగుసుకున్నా, ఒక్క ముక్కే అదేపనిగా మూసుకుని రక్తం పడుతున్నా ఆ పూటే వెళ్లాలి. షుగరు ఉన్నవాళ్లు ఇంకాస్త ముందు వెళ్లాలి. 2021 వేసవిలో కోవిడ్ వెనకే వచ్చిన నల్ల ఫంగస్ చాలామందిలో ఒక పక్క ముక్కు దిబ్బడతోనే, చెంప మొద్దుబారడంతోనే మొదలైంది. అప్పుడు ఆవిరి పడుతూ నాలుగు రోజులు ఆగినవాళ్లలో కొందరికి కన్ను దక్కలేదు.